వెనక పేజీలో పేరు

మంజులమ్మ తన అసూయను ఎప్పుడూ ఇంకో పేరుతో పిలుచుకోలేదు. న్యాయం అనలేదు, ఆత్మాభిమానం అనలేదు. "ఆ పిల్లను చూస్తే నేను ఓర్వలేను" అని మొగుడితో కూడా చెప్పేసింది. చెప్పినంత మాత్రాన అది తగ్గలేదు.

ఆమె కృష్ణగిరిలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం పాఠాలు చెప్పేది. తండ్రి వెంకటరామప్పకు ఊరికి పడమర మిట్ట మీద మామిడి తోట, దాని పక్కన రాగి చేను. తాతల నాటి నుంచీ అక్కడే సేద్యం. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి మంజులమ్మే. బెంగళూరులో ఎమ్మెస్సీ చదివి వచ్చి 1969లో ఉద్యోగంలో చేరింది. మొగుడు లింగప్ప మామిడి మండీ నడిపేవాడు. నవ్వులాటల మనిషి. ఎవరి మీదా ఒక పూటకు మించి కోపం నిలుపుకోలేడు. మంజులమ్మ అట్లా కాదు.

మామిడికి టెంక పురుగని ఒకటి పడుతుంది. కాయ పైకి నిగనిగలాడుతూ ఉంటుంది. కోస్తే టెంకలో నల్లటి పురుగు కూర్చుని ఉంటుంది. కాయలు కొనుక్కుపోయినవాళ్ళు తిరిగి వచ్చి మండీలో లింగప్పను తిట్టేవాళ్ళు. కాపు అయిపోయాక, మళ్ళీ పిందె పట్టేదాకా ఈ పురుగు ఎక్కడ బతుకుతుంది? ఈ ప్రశ్న మంజులమ్మను పట్టుకుంది. సెలవు దొరికితే చాలు, తండ్రి తోటలో చెట్టు చెట్టూ తిరిగి, బెరడు పగుళ్ళను చాకుమొనతో గెలికి చూసేది. అక్కడే దొరికాయి. బెరడు రంగులో, తాకితే చచ్చినట్టు పడి ఉండేవి. దాని మీద నాలుగు పేజీల వ్యాసం రాసింది. బెంగళూరు నుంచి వచ్చే ఒక శాస్త్ర పత్రిక 1973లో దాన్ని అచ్చు వేసింది. ఆ రోజు మంజులమ్మ పండగ కాకపోయినా ఒబ్బట్లు చేసి మండీకి కూడా పంపింది.

మునిలక్ష్మమ్మ ఆ మరుసటి ఏడు ఆమె క్లాసులో చేరింది. జవళగిరి దగ్గర అడవి అంచు పల్లె. తండ్రి దాసప్ప గొర్రెలు కాసేవాడు. పిల్ల తక్కువ మాట్లాడేది, ఎక్కువ చూసేది. మంజులమ్మ ఆమెను తోటకు తీసుకుపోయింది. పగుళ్ళలో పురుగును చూపించింది. రెండో చెట్టు దగ్గరికి వచ్చేసరికి, మంజులమ్మ చాకు తీయకముందే ఆ పిల్ల వేలు పెట్టి చూపించింది. "అద్దో మేడమ్, ఆడ." ఆ రోజు మంజులమ్మకు సంతోషమే కలిగింది. నా పిల్ల అనుకుంది.

ఆఖరి ఏడు పిల్లలందరూ ఒక చిన్న వ్యాసం రాయాలి. మునిలక్ష్మమ్మ గొర్రెల పేల మీద రాసుకొచ్చింది. చివరి పేజీలో పుస్తకాల పేర్లు వరసగా ఉన్నాయి.

"ఇవన్నీ చదివినావా?" అని అడిగింది మంజులమ్మ.

"చదివినాను మేడమ్."

"మరి లోపల ఒక్కరి పేరూ కనబడదే?"

"వెనక రాసినాను కద మేడమ్."

మంజులమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకొని చెప్పింది. "వెనక రాసింది రిఫరెన్సు. అది విలాసం, అడ్రసు మాదిరి. ఎవురు రాసినారు, ఏ సంవత్సరం, ఏ పత్రిక, ఏ పేజీ. కావాలనుకున్నోళ్ళు వెతుక్కొని పోయేదానికి. అది చాలదు. వాళ్ళ మాటను నువ్వు యాడ వాడుకున్నావో, ఆ వాక్యంలోనే పేరూ సంవత్సరమూ చెప్పాల. దాన్ని సైటేషన్ అంటారు. పెండ్లికి పిలవాల్సినోళ్ళ పేర్లన్నీ చీటీలో రాసుకొని గూట్లో పెట్టుకుంటే పిలిచినట్టా? వాళ్ళ వాకిట్లోకి పోయి పేరు పెట్టి పిలవాల. పిలిచి, చీటీలో రాసుకోకపోయినా తప్పే. రాసుకొని, పిలవకపోయినా తప్పే. లోపలా వెనకా రెండూ సరిపోవాల."

పిల్ల తల ఊపింది. మరుసటి వారం వ్యాసం మొత్తం తిరగరాసి తెచ్చింది. ఎక్కడా వేలు పెట్టే చోటు లేదు.

తర్వాత మునిలక్ష్మమ్మ బెంగళూరులో పై చదువు చదివింది. హోసూరు దగ్గర ఒక పండ్లతోటల పరిశోధన కేంద్రంలో ఉద్యోగం వచ్చింది. మూకండపల్లిలో ఫ్యాక్టరీ పనివాళ్ళ ఇళ్ళ మధ్య ఒక గది బాడుగకు తీసుకుని, డాక్టరేటుకు కూడా చేరింది. తాను డాక్టరేటు చేయాలని మంజులమ్మకు పదేళ్ళుగా కోరిక. పెళ్ళి, ఇద్దరు బిడ్డలు, అత్త పిల్లమ్మకు పక్షవాతం. ఏ ఏటికాయేడు వచ్చే ఏడు చూద్దామనుకుంది. ఆ పిల్ల చేరిందని విన్నప్పుడు మొదటిసారి ఓర్వలేకపోయింది. "బాగుండాది, చదువుకోనీ" అని పైకి అంది. ఆ సాయంత్రం అన్నం సహించలేదు.

1981లో మునిలక్ష్మమ్మ వ్యాసం అచ్చయింది. అదే పత్రిక, అదే టెంక పురుగు. కాలేజీ లైబ్రరీలో మంజులమ్మ ముందుగా చివరి పేజీ తిప్పింది. జాబితాలో తన పేరుంది, సంవత్సరంతో, పేజీలతో, ఒక్క అక్షరం తప్పు లేకుండా. అప్పుడు లోపలికి వెళ్ళింది. మొదటి పేజీలోనే దొరికింది. టెంక పురుగు బెరడు పగుళ్ళలో దాగుతుందని 1973లో మంజులమ్మ చూపారు. అయితే, అది దాగే చోట్లలో బెరడు ఒకటి మాత్రమే.

అక్కడ నుంచి ఆ పిల్ల తను చూసింది చెప్పుకుపోయింది. చెట్టు పాదు చుట్టూ పేర్చిన రాళ్ళ సందుల్లో పురుగులు ఇంకా ఎక్కువ ఉన్నాయి. కోతలు అయ్యాక మొదలుకు గోతాము పట్టీ ఒకటి బిగించి కడితే, దిగివచ్చే పురుగులు దాని కింద చేరతాయి. విప్పి కాల్చేయవచ్చు.

మంజులమ్మకు పట్టీలూ రాళ్ళూ ఏవీ కనిపించలేదు. 'అయితే' ఒక్కటే కనిపించింది.

ఆ ఏడాది కోతల తర్వాత, హోసూరు కేంద్రం వాళ్ళు చెప్పగా, చుట్టుపక్కల రైతులు గోతాము పట్టీలు కట్టారు. మరుసటి కాపుకు ఒక మధ్యాహ్నం ఆమె లింగప్పకు క్యారియర్ తీసుకుని మండీకి పోయింది. గుర్రప్ప అనే రైతు కాయలు దింపుతూ గొంతెత్తి చెబుతున్నాడు.

"కోసి చూడప్పా లింగప్పా, ఏది కావాలంటే అది కోయి. మునిలక్ష్మమ్మ కట్టు కట్టినాము. ఒక్క టెంకలో పురుగుంటే నన్నడుగు."

మునిలక్ష్మమ్మ కట్టు! మంజులమ్మ క్యారియర్ బల్ల మీద పెట్టి వచ్చేసింది. సాయంత్రం లింగప్ప ఇంటికి వచ్చేదాకా ఆగి, చెప్పులు విప్పకముందే అందుకుంది.

"బెరడులో పురుగును చూసింది నేను. ఎవురైనా మంజులమ్మ బెరడు అంటారా?"

"బెరడు నీదే. గోతాము ఆ పిల్లది. రైతుకు గోతాముతో కద పని?"

"ఆ పిల్లకు పురుగు చూపించింది ఎవురు?"

"నువ్వే. ఆ మాట పేపర్లో రాసింది కద."

"'అయితే' అని రాసింది."

లింగప్ప నవ్వాడు. నవ్వకుండా ఉండాల్సింది. ఆమె రెండు రోజులు మాట్లాడలేదు.

ఆ తర్వాత మంజులమ్మ మళ్ళీ తోటలో పని మొదలుపెట్టింది. ఎందుకని అడిగితే ఆమే చెప్పేది, ఆ పిల్లను దాటాలని. వెంకటరామప్ప తోటలో తాతనాటి ముదురు చెట్లూ ఉన్నాయి, ఆయన స్వయంగా నాటిన లేత చెట్లూ ఉన్నాయి. రెండింటికీ గోతాము పట్టీలు కట్టించింది. ఒక కాపంతా ఓపికగా లెక్కలు తీసింది. లేత చెట్లకు పట్టీ ఒకటే చాలింది. ముదురు చెట్ల బెరడు లోతుగా పగిలి ఉంటుంది కాబట్టి, సగం పురుగులు పట్టీ దాకా దిగనే లేదు. అట్లాంటి చెట్లకు బెరడు గీకి, ఆపైన పట్టీ కట్టాలి. ఇది ఆమె సొంతంగా కనుక్కున్నది, మంచి మాట. ఆ పిల్ల వ్యాసంలో లేనిది.

1983లో వ్యాసం రాయడానికి కూర్చుంది. పద్ధతి చెప్పాల్సిన చోటుకు వచ్చేసరికి కలం ఆగింది. ఎవరి పద్ధతి? కొంతసేపు కూర్చుని, 'చెట్ల మొదళ్ళకు గోతాము పట్టీలు కట్టడమైనది' అని రాసింది. ఎవరు మొదట కట్టారో ఆ వాక్యం చెప్పదు. గోతాములు వాటంతట అవే వచ్చి కట్టుకున్నట్టుంది. చివర జాబితా రాసేటప్పుడు మాత్రం మునిలక్ష్మమ్మ 1981 వ్యాసాన్ని చేర్చింది. పేరు పెట్టాను కద, ఇంకేం కావాలి అనుకుంది.

పత్రిక సంపాదకుడి నుంచి జాబు వచ్చింది. వ్యాసం బాగుందని, ఒక్క సవరణ కావాలని రాశాడు. మీ జాబితాలో ఉన్న మునిలక్ష్మమ్మ వ్యాసం ప్రస్తావన లోపల ఎక్కడా లేదు. తగిన చోట పేర్కొనండి, లేకపోతే జాబితా నుంచి తీసివేయండి.

పదేళ్ళుగా తాను పిల్లలకు చెప్పే మాటను ఎవరో తెలియని మనిషి తనకు చెప్పాడు. మంజులమ్మ చెవులు వేడెక్కాయి. కానీ ఆ జాబులో రెండు దారులున్నాయి. ఆమె రెండోది పట్టుకుంది. కలం తీసి, జాబితాలో మునిలక్ష్మమ్మ పేరు మీద గీత కొట్టింది. ఇప్పుడు లోపలా లేదు, వెనకా లేదు. రెండూ సరిపోయాయి. ఇంక ఏ సంపాదకుడూ వేలెత్తి చూపలేడు. కవరు అంటించి పోస్టులో వేసి వచ్చింది. దారిలో కూరగాయలు కూడా కొనుక్కొచ్చింది, ఏమీ జరగనట్టే.

పిందె పట్టే కాలంలో కృష్ణగిరిలో మామిడి రైతుల సమావేశం పెట్టారు. మాట్లాడడానికి హోసూరు నుంచి మునిలక్ష్మమ్మ వచ్చింది. మంజులమ్మ పోకూడదనుకుంది, పోయింది. ఆ పిల్ల చీర ఏమి కట్టిందో, ఎట్లా మాట్లాడుతుందో, ఎంతమంది వింటారో చూడకుండా ఇంట్లో కూర్చోలేకపోయింది.

మునిలక్ష్మమ్మ నూలు చీర కట్టింది. తెలుగులో ఒక మాట, అరవంలో ఒక మాట కలిపి, ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడింది.

"పట్టీ సంగతి తర్వాత చెప్తాను. ముందు ఒకటి చెప్పాల. ఈ పురుగు బెరడులో దాక్కొంటాదని మొదట చూసింది మీ ఊరి మంజులమ్మ మేడమ్. వెంకటరామప్ప తోటలో చూసినారు. నేను ఆయమ్మ వెనకాల నడిచి నేర్చుకున్నాను. ఆయమ్మ ఈడనే కూర్చోనుండారు."

జనం వెనక్కి తిరిగి చూశారు. ముందు వరసలో ఉన్న వెంకటరామప్ప మీసం సర్దుకున్నాడు. మంజులమ్మ నవ్వింది, నవ్వాలి కాబట్టి. లోపల కాలిపోతోంది. పేరు చెప్పడం ఆ పిల్లకు ఎంత తేలిక! కలం ఆగదు, గొంతు పట్టదు. నీళ్ళు తాగినట్టు చెప్పేసింది. చదువులో దాటింది, పేరులో దాటింది, సరే. ఇప్పుడు మంచితనంలో కూడా దాటిపోయింది.

భోజనానికి ఇంటికి రమ్మని లింగప్పే పిలిచాడు. రాగి సంగటి, ఉలవచారు. తింటూ మునిలక్ష్మమ్మ అడిగింది.

"మేడమ్, మీ తోటలో ముదురు చెట్లకూ కట్టినారంట. పెద్దాయన చెప్పినాడు. ఏమి తేలింది?"

ముదురు చెట్లకు పట్టీ ఒకటే చాలదనీ, వ్యాసం అచ్చుకు పంపాననీ మంజులమ్మ ముక్తసరిగా చెప్పింది. మునిలక్ష్మమ్మ చేయి కంచంలోనే ఆగిపోయింది. "నాకు అనుమానం ఉండేది మేడమ్, ముదురు చెట్లకు పట్టీ చాలదేమోనని. లెక్క లేక చెప్పలేకపోయినాను. మీది అచ్చయినాక నేను అందరికీ అదే చెప్తాను, మీ పేరుతోనే."

"ఇంకొంచెం సంగటి పెట్టనా?" అంది మంజులమ్మ.

తర్వాత చేతులు కడుక్కునేటప్పుడు పెరట్లో ఇద్దరే ఉన్నారు. రెండేళ్ళుగా నాలుక చివర ఉన్న మాట బయటికి వచ్చేసింది.

"ఆ పేపర్లో 'అయితే' అని ఎందుకు రాసినావు?"

"ఏ అయితే మేడమ్?"

"నా పేరు పక్కన. అయితే, బెరడు ఒకటి మాత్రమే, అని."

మునిలక్ష్మమ్మ కాసేపు ఆలోచించింది. జ్ఞాపకం వచ్చాక, కొంచెం ఆశ్చర్యంగా చూసింది. "బెరడు ఒకటే కాదు కద మేడమ్? రాళ్ళలో కూడా ఉండాయి. నిజమే కద?"

క్షమించమని అడుగుతుందనుకుంది మంజులమ్మ. ఎవరో దిద్దారనో, తొందరలో రాశాననో చెబుతుందనుకుంది. ఆ పిల్లకు అందులో తప్పే కనిపించలేదు. నిజంగానే తప్పు లేదు. అది తెలిసి ఇంకా మండింది.

పత్రికవాళ్ళు అచ్చు ప్రూఫులు పంపారు. అక్షరదోషాలు మాత్రమే దిద్దాలి, మరీ అవసరమైతే ఒక వరస చేర్చవచ్చు. మంజులమ్మ ఆ కాగితాలు నాలుగు రోజులు బీరువా మీద ఉంచింది. ఐదో రోజు తీసి, 'గోతాము పట్టీలు' అన్న చోట అంచులో రాసింది. 1981లో మునిలక్ష్మమ్మ చూపిన పద్ధతిలో. చివర జాబితాలో కొట్టేసిన పేరును మళ్ళీ ఎక్కించింది. గబగబా రాసి, రెండోసారి చూడకుండా కవరులో పెట్టింది. చూస్తే మనసు మారుతుందేమోనని.

"మనసు మెత్తబడిందా?" అని అడిగాడు లింగప్ప.

"లేదు. నా పేరు సభలో చెప్పి నన్ను చిన్నదాన్ని చేసింది. నేనూ చెప్పి బాకీ తీరుస్తాను."

"ఎట్లయితేనేమి, రాసినావు కద," అన్నాడాయన. ఈసారి నవ్వలేదు.

పత్రిక వచ్చాక దాన్ని తానే హోసూరు తీసుకుపోయింది. పోస్టులో పంపవచ్చు. కానీ ఆ పిల్ల చదివేటప్పుడు ముఖం చూడాలనిపించింది. బస్సు దిగి మూకండపల్లి ఇల్లు వెతుక్కుంటూ పోయింది. షిఫ్టు దిగి వచ్చినవాళ్ళు వీధి కొళాయి దగ్గర గుంపుగా ఉన్నారు. గదిలో ఒక మంచం, ఒక స్టవ్వు, గోడ నిండా పుస్తకాలు. మునిలక్ష్మమ్మ కాఫీ కలిపి ఇచ్చి, పత్రిక తీసుకుని, నిలబడే మొత్తం చదివింది. పద్ధతి దగ్గర తన పేరు చూసి ఆమె ముఖం వెలిగింది. చివరి పేజీ తిప్పింది. నుదురు ముడిపడింది.

"మేడమ్, లోపల ఎనభై ఒకటి అనుండాది. వెనక ఎనభై అనుండాది."

మంజులమ్మ పత్రిక లాక్కుని చూసింది. నిజమే. తొందరలో సంవత్సరం తప్పు రాసింది.

"ఇంత దూరం వస్తే నీకు అదొకటే కనబడిందా?"

"లేదు మేడమ్, మీరు నేర్పించిందే కద, రెండూ సరిపోవాలని..." పిల్ల బెదిరిపోయింది. గబగబా అంది. "ముదురు చెట్ల లెక్క చాలా బాగుండాది మేడమ్. నేను ఆ పని చేసుండాల్సింది. నాకు తట్టలేదు. రోజంతా కుళ్ళుకొంటాను ఇప్పుడు."

మంజులమ్మ ఆమె ముఖంలోకి చూసింది. "నువ్వా? నా మీదా?"

"ఎందుకు కుళ్ళుకోను? మీకు సొంత తోట ఉండాది. ఎప్పుడు కావాలంటే అప్పుడు చెట్టు దగ్గరికి పోతారు. నేను ఒక్క పట్టీ కట్టాలన్నా ఎవురో ఒకరి గేటు కాడ నిలబడి అడుక్కోవాల. మా నాయనకు గొర్రెలుండాయి, చెట్టు లేదు."

ఈ మాట మంజులమ్మకు ఎన్నడూ తట్టలేదు. తన తోట మీద ఆ పిల్ల కన్ను ఉండవచ్చని పదేళ్ళలో ఒక్కసారీ అనుకోలేదు. తిరుగు బస్సులో శూలగిరి దాటేదాకా దాని గురించే ఆలోచించింది. ఆమెకు ఎంత హాయిగా అనిపించిందో! ఆ హాయి మంచిది కాదని కూడా తెలుసు. అయినా కృష్ణగిరి దాకా అనుభవించింది.

తర్వాత నుంచి మునిలక్ష్మమ్మ తోటకు ఎప్పుడైనా రావచ్చని తండ్రితో చెప్పించింది. తాను చెప్పలేదు. ఆమె వచ్చిన రోజుల్లో ఇద్దరూ ఒకే చెట్టు కింద పనిచేసేవాళ్ళు. ఏది ఎవరు ముందు చూశారో అప్పటికప్పుడు కాగితం మీద రాసుకునేవాళ్ళు. స్నేహం అనుకున్నారు చూసినవాళ్ళు. ఒకరిని ఒకరు కాపలా కాసుకోవడం అని వాళ్ళిద్దరికీ తెలుసు.

1986లో మునిలక్ష్మమ్మకు ఉత్తరాదికి బదిలీ అయింది. రైలుకు బెంగళూరు పోయే ముందురోజు కృష్ణగిరి వచ్చి చెప్పిపోయింది. మంజులమ్మ పసుపు కుంకుమ ఇచ్చి పంపింది. ఆ నెల ఆమె ప్రాణానికి సుఖంగా ఉంది. మండీలో ఆ పేరు వినబడినా ఏమీ అనిపించలేదు. రెండో నెలలో తోటకు పోవడం మానేసింది. పట్టీలు ఎవరో కూలివాళ్ళు కట్టారు, ఆమె లెక్క తీయలేదు. ఎవరికి చూపించాలి? లింగప్పకు చెబితే "భేష్" అంటాడు. ఆయన దేనికైనా భేష్ అంటాడు.

మరుసటి ఏడు ఉత్తరాది నుంచి ఒక కట్ట వచ్చింది. మునిలక్ష్మమ్మ కొత్త వ్యాసం, జామకాయను తొలిచే పురుగు మీద. మంజులమ్మ లేచి వెళ్ళి కళ్ళజోడు తెచ్చుకుంది. ముందు చివరి పేజీలో వెతికింది, తర్వాత లోపల వెతికింది. తన పేరు లేదు.

"నా పేరు ఎత్తలేదు చూడండి," అంది మొగుడితో.

లింగప్ప ఆ కాగితాలను అటూ ఇటూ తిప్పాడు. "ఇది జామకాయ మీద కద? నువ్వు జామకాయ మీద ఏమి రాసినావు?"

"ఏమీ రాయలేదు."

"మరి?"

ఆమె కూర్చుని మొదటి నుంచి చదివింది. ఒక చోట ఆగింది, మళ్ళీ వెనక్కి పోయి చదివింది. పురుగు ఏ పూట గుడ్లు పెడుతుందో కనుక్కోవడానికి ఆ పిల్ల పిందెలకు పల్చటి గుడ్డ సంచులు తొడిగి, పూటకు కొన్నిటి చొప్పున విప్పి చూసింది. అంత సులువైన ఉపాయం. తనకు తట్టనిది. మంజులమ్మకు పాత మంట మళ్ళీ లేచింది. ఏడాదిగా ఎరగని మంట.

"వ్యాసం ఎట్లుండాది?" అన్నాడు లింగప్ప.

"బాగుండాది." ఆమె కాగితాలు మడిచి పక్కన పెట్టింది. "చానా బాగుండాది. నాయన నిన్న చెప్పినాడు, ఈ ఏడు పూత మీద తేనెమంచు పురుగు ఎక్కువగా పట్టిందంట. పొద్దున్నే నన్ను తోట కాడ దించి మండీకి పోండి. అది ఏ పూట పూత మీదికి దిగుతుందో చూస్తాను."